మనవడికి కాదు, నాకే

ఓనరాంటీ పోయారని గురువారం పొద్దున బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను ఆ ఇల్లు ఖాళీ చేసి ఏడాదైంది. అయినా గ్రూపులోంచి నన్ను తీసెయ్యనివ్వలేదు ఆవిడ. "మా నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తదో నీకు సుత తెల్వాలె" అనేవారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. సెలవు పెట్టి అమీర్‌పేట పరుగెత్తాను. గల్లీలో షామియానా వేసేశారు. ఆవిడ మరిది, ఆ ఇంట్లో అందరూ చిన్నాయన అని పిలిచే పెద్దమనిషి, వచ్చినవాళ్ళకు కుర్చీలు చూపిస్తూ ఒకే మాట చెబుతున్నారు.

"పాపం, రిటైరైనంక ఏదో గా రిమోట్ బొమ్మతోటి కాలక్షేపం చేసుకుంటుండె."

ఆ మాట కనీసం నాలుగుసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండింది. శవం పక్కన పోట్లాడటం మర్యాద కాదని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఆవిడ చేసింది కాలక్షేపం కాదు, అది బొమ్మ కాదు, ఆవిడ పాపమూ కాదు. ఈ మూడూ చెప్పాలనే రాస్తున్నాను.

అమీర్‌పేటలో అద్దెకుండే పిల్లలందరికీ ఇంటి యజమానురాలు ఓనరాంటీయే. నేను తెనాలి నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, హాస్టల్ సాంబారుకు దణ్ణం పెట్టి, ఆవిడ మూడంతస్తుల ఇంటి పైన ఉన్న రేకుల గదిలో చేరాను. దాన్ని పెంట్‌హౌస్ అంటారు ఈ ఊళ్ళో. ఎండాకాలం అందులో పడుకుంటే ఆ పేరు పెట్టినవాణ్ణి వెతికి పట్టుకోవాలనిపిస్తుంది. గది ముందు ఒక గ్రిల్ తలుపు, దాని అవతల డాబా, డాబా మీద రెండు నీళ్ళ ట్యాంకులు. తలుపుకు తాళంచెవులు రెండు. ఒకటి వాళ్ళింట్లో, ఒకటి నా దగ్గర.

ఆవిడ ఎర్రమంజిల్‌లో ఒక ఇంజినీర్ల ఆఫీసులో ట్రేసర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంజినీర్లు గీసిన ప్లాన్ల మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతను సిరాతో ఆ కాగితం మీదికి దించే పని. చెయ్యి వణికితే కాగితం చెత్తబుట్టకే. ముప్పై ఏళ్ళు చెయ్యి వణకలేదు. ఆఫీసుకు వెళ్ళినన్నాళ్ళూ, ఆ తర్వాతా స్కూటర్ మీదే తిరిగారు. ఒక వానాకాలం పంజాగుట్ట దగ్గర మలుపులో జారి పడ్డారు. మోకాలు గీరుకుంది, అంతే. ఆవిడ చుట్టాల పెళ్ళికి కరీంనగర్ వెళ్ళొచ్చేసరికి కొడుకు స్కూటర్ అమ్మేశాడు.

ఆ కొడుకును నేను అన్నా అని పిలుస్తాను. చెడ్డవాడు కాదు. తల్లి అంటే ప్రాణం. అదే వచ్చిన చిక్కు. ప్రాణంగా చూసుకునేవాళ్ళు అడగకుండానే అన్నీ అమ్మేస్తారు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఒక వారం డాబా మీద టేపు పట్టుకుని తిరిగారు. ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య దూరం, నా గ్రిల్ ముందు వెడల్పు, స్లాబు పగుళ్ళ లోతు, అన్నీ కొలిచి గళ్ళ కాగితం మీద డాబా ప్లాన్ గీశారు. తర్వాత ఒక రోజు నన్ను పిలిచి, "బిడ్డా, పంజాగుట్ట దాకా వస్తవా? బండి కొనాలె" అన్నారు. స్కూటర్ షోరూమ్‌కి అనుకుని వెంట వెళ్ళాను. తీరా చూస్తే రిమోట్ బండ్ల షాపు.

షాపతను మర్యాదగా లేచి, "మనవడి వయసెంతమ్మా?" అని అడిగాడు.

"అరవై మూడు" అన్నారు ఆవిడ.

అతను నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"మనవడికి కాదు, నాకే" అని ఆవిడే తేల్చేశారు. "చిన్న ట్రక్కు కావాలె. మస్తు స్పీడ్ పోవాలె."

అతను ముందు పెద్దది తీశాడు. చంకలో పెట్టుకుని మొయ్యాల్సినంత. ఆవిడ గళ్ళ కాగితం తీసి, ఇది ట్యాంకు దగ్గర తిరగదు, వద్దన్నారు. తర్వాత రంగురంగుల లైట్లున్నది ఒకటి తీశాడు. ఆవిడ దాన్ని వెల్లకిలా తిప్పి పొట్ట చూడటం మొదలుపెట్టారు. "కిందేముంటుందమ్మా, పైన చూడండి, లైట్లు" అన్నాడతను. "లైట్లు నాకేం పని? ఇప్పి చూడనీకి కింద స్క్రూలే లేవు. గిది ఖరాబైతే పారెయ్యాలె కదా?" అన్నారు ఆవిడ. అతను తల గోక్కున్నాడు. నాలుగు చక్రాలకూ బలం అందుతుందా, ముందు చక్రాన్ని పట్టుకునే చెయ్యి విరిగితే అది విడిగా దొరుకుతుందా, చక్రాల దగ్గర కుదుపు ఆపే షాకులు బిగించుకోవచ్చా, వేడెక్కిన బ్యాటరీ ఎంతసేపట్లో చల్లారుతుంది... అతనికి చెమటలు పట్టాయి. చివరికి లోపలి అరలోంచి దుమ్ముపట్టిన డబ్బా ఒకటి వచ్చింది. జానెడున్నర పొడవు, అందమూ చందమూ లేని నల్ల ట్రక్కు, పొట్టనిండా స్క్రూలు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఆటోలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని అన్నారు: "పెద్ద బండి నడపొద్దన్నరు. సరే, చిన్న బండే నడుపుత. స్పీడ్ తగ్గియ్యమని అయితే ఎవరూ అనలే."

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. చిన్నాయన మీద అంత ఎగిరాను కదా, ఆ మాట మొదట అన్నది నేనే. ట్రక్కు కొన్న కొత్తలో వాళ్ళింటికి చుట్టాలొచ్చారు. ఈ వయసులో ఇదేం పిచ్చని ఒకావిడ మూతి విరిచింది. ఓనరాంటీని వెనకేసుకొచ్చాననుకుని, "పోనీలెండి, ఆంటీకి మంచి కాలక్షేపం" అన్నాను. మా వైపు రిటైరైనవాళ్ళను పలకరించే మాటే అది. కాలక్షేపం ఎలా అవుతోందండీ, అంటాం. భోంచేశారా అన్నంత తేలిగ్గా అంటాం.

ఆవిడ నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. నీళ్ళ మోటార్ వేసే వేళ కూడా గ్రూపులో పెట్టారు తప్ప నోటితో చెప్పలేదు. పదో రోజు డాబా మీదికొచ్చి, నా గది గడప మీద కూర్చున్నారు.

"ముప్పై ఏండ్లు ఇంకొకరి గీత మీద గీత గీసిన బిడ్డా. దాన్ని ఉద్యోగం అన్నరు. ఇప్పుడు నా గీత నేను గీస్తుంటే కాలక్షేపం అంటవా? పారేసుకునేటందుకు నా తాన కాలం గంత ఫాల్తు లేదు."

నేను సిగ్గుపడ్డాను. క్షమించమన్నాను. ఆవిడ లేచి, "ఇగో, గీ స్క్రూ జర పట్టు" అన్నారు. అంతటితో అయిపోయింది.

అప్పట్నుంచి నేను ఆ బండికి సగం మెకానిక్కుని. ఇంటర్వ్యూలకు చదవాల్సిన పుస్తకాల కంటే ఆ ట్రక్కు పొట్టే నాకు బాగా అర్థమైంది. మొదట మోటార్ మార్చారు. దానితో వచ్చిన మోటార్ తీసేసి, రెండింతలు జోరుగా తిరిగేది పెట్టారు. మొదటి సాయంత్రం అది డాబా మీద దూసుకుపోతుంటే మేమిద్దరం కేకలు పెట్టాం. మూడో సాయంత్రం వెనక గేర్ల డబ్బాలోంచి పిండి రాలింది. పళ్ళన్నీ అరిగి పొడైపోయాయి.

గేర్లు పట్టుకుని మా గల్లీ చివర్లో ఫ్యాన్లకు, మిక్సీలకు వైండింగ్ చేసే భాయ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూసి నవ్వారు. "క్యా అమ్మా! మోటార్ పహిల్వాన్‌ది పెట్టిన్రు, పళ్ళు చంటిపిల్లగానివే ఉంచిన్రు."

ఇనుప పళ్ళు వేయించారు. ఆ తర్వాత పంతం పట్టి ఇరుసులు, ముందు చేతులు, అన్నీ లోహంతోనే చేయించారు. ఇక దీన్ని ఎవడూ విరగ్గొట్టలేడు అనుకున్న రోజే అది ట్యాంకు దిమ్మెకు గుద్దుకుని నడుముకు పగిలింది. ఏ చెయ్యీ వంగలేదు, ఏ ఇరుసూ విరగలేదు, మొత్తం బండిని మోసే పలక చీలింది. నేను ఏడుపు మొహం పెట్టాను. ఆవిడ మాత్రం గదిలోకి వెళ్ళి పల్చటి కాగితం, పెన్ను తెచ్చారు. పగిలిన పలకను కాగితం కింద పెట్టి, చీలిక ఎక్కడ మొదలై ఎటు పోయిందో గీత దించారు. ఏది విరిగినా ఆవిడ అలాగే చేసేవారు. అది చూసి చాలాసేపు ఆలోచించి, కొత్త పలక వేశాక ముందు చేతుల్ని మళ్ళీ ప్లాస్టిక్‌వే బిగించారు.

"ఒక్కటి విరగనియ్యాలె బిడ్డా. అన్నీ గట్టిగ చేస్తే దెబ్బ పొయ్యి పానం మీద పడ్తది. విరిగేది ఏదో మనమే ఎంచుకోవాలె."

ఇంకో అలవాటుండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మోటార్ మారిస్తే ఆ వారం చక్రాలు ముట్టుకోకూడదు. రెండూ కలిపి మారిస్తే మంచి దేనివల్ల జరిగిందో చెడు దేనివల్ల జరిగిందో తెలియదు అనేవారు. పరుగు అయ్యాక మోటార్ మీద వేలు పెట్టి మూడు లెక్కపెట్టాలి. పెట్టగలిగితే సరే, చుర్రుమంటే గేరు తప్పు. ఆ వేలు ఎప్పుడూ ఆవిడదే. నా వేలు పెట్టనివ్వలేదు.

ఆదివారం పొద్దున్నే ఎర్రమంజిల్‌లో ఆవిడ పాత ఆఫీసు ఆవరణకు వెళ్ళేవాళ్ళం. గేటు దగ్గర గార్డు ఆవిడను చూసి ఇంకా లేచి నిలబడేవాడు. ఖాళీ పార్కింగ్‌లో చాక్‌పీసుతో రెండు గీతలు. నేను ఫోన్లో టైము చూడాలి. గంటకు యాభై కిలోమీటర్ల లెక్క తేలిన రోజు ఆవిడ ఆ గార్డుకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "నా స్కూటర్ గంత పోయేది కాదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

తర్వాత ఏడాది చలికాలంలో తిరగబడ్డ ట్రక్కును లేపబోయి డాబా మీద కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు వేశారు. ఆ సాయంత్రమే అన్న పైకొచ్చాడు. ఆసుపత్రి కాగితాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"నీ దగ్గరున్న తాళంచెవి ఇయ్యి. ఇగ డాబా బంద్. ఆమె వింటదా? నువ్వన్నా చెప్పకపోతివి."

ఇచ్చేశాను. ఆవిడ మంచికే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా కూడా అనుకోలేదు. ఎవరైనా గట్టిగా అడిగితే ఇచ్చెయ్యడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. అప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోయాయి. నాన్న రోజూ ఫోన్ చేసి, "ఇంక చాల్లేమ్మా, వచ్చేయ్. ఇక్కడే ఏదో చూసుకుందువు గాని" అంటున్నారు. సరే అనడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. పెట్టె కూడా సగం సర్దాను.

మర్నాడు ఆవిడ కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి పైకొచ్చారు. గ్రిల్‌కు తాళం చూశారు. నన్ను చూశారు. మంచం మీద పెట్టె చూశారు.

"చెవి అడిగితే చెవి ఇచ్చినవ్. రేపు ఇంకేదన్న అడిగితే గదీ ఇస్తవా? నీది అనేది ఏమన్న ఉన్నదా నీ తాన?"

వెనక్కి తిరిగి, మళ్ళీ ఒక్కో మెట్టూ దిగిపోయారు. నేను ఆ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, ఆవిడ మీద కాదు. ముఖం కడుక్కుని కిందికెళ్ళి అన్న ముందు నిలబడ్డాను.

"అన్నా, నా తాళంచెవి నాకిచ్చెయ్యండి."

"ఎందుకు?"

"బట్టలారేసుకోవాలి. అద్దెలో డాబా కూడా ఉందని చేరేటప్పుడు చెప్పారు."

అతను నమ్మలేనట్టు చూశాడు. "మజాక్ చేస్తున్నవా? మా అమ్మ మళ్ళ పడితే ఎవరు చూస్తరు?"

"నేను చూస్తాను" అన్నాను. చెయ్యి చాపే ఉంచాను. "ఆవిడ పడతారని మీకు భయం. ఇలా తాళం వేస్తే ఆవిడ కూర్చుండిపోతారని నాకు భయం. స్కూటర్ అమ్మేటప్పుడు అడగలేదు. ఇదైనా అడగండన్నా."

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ వింటున్నారని ఇద్దరికీ తెలుసు. అన్న వంటింటి వైపు ఒకసారి చూసి, జేబులోంచి చెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి నేను రావడం లేదని చెప్పాను. రెండో మాట మాట్లాడే వీలివ్వకుండా పెట్టేశాను, లేకపోతే మెత్తబడేదాన్ని.

కట్టు విప్పేదాకా ఆ బండిని మేమిద్దరం కలిసి నడిపాం. ఆ రిమోట్ తుపాకీ పిడిలా ఉంటుంది. ఎడమ చేత్తో పట్టుకుని చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కితే వేగం. పక్కనున్న చిన్న చక్రాన్ని కుడి చేత్తో తిప్పితే మలుపు. ఆవిడ కుడి చెయ్యి కట్టులో ఉంది. అందుకని ఆవిడ ఎడమ చేత్తో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కేవారు, నేను పక్కన ఆనుకుని నిలబడి చక్రం తిప్పేదాన్ని. మొదట్లో ప్రతి మలుపుకూ గుద్దాం. నేను భయపడి ముందే తిప్పేస్తాను, ఆవిడ మలుపులో కూడా వేలు తియ్యరు.

"కొంచెం తగ్గించండాంటీ!"

"నేను తగ్గియ్య. నువ్వు తిప్పుడు నేర్చుకో."

నేర్చుకున్నాను. ఆ చలికాలం నేర్చుకున్నంత నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. ఆ తర్వాతి వేసవికి ఉద్యోగం వచ్చింది. స్వీట్ బాక్స్ పట్టుకెళ్తే, "మంచిది. ముందుగాల గీ షాకులు బిగియ్యి, ఎడమ దిక్కు వంగుతుంది" అన్నారు. ఆవిడ మెచ్చుకోవడం అలాగే ఉంటుంది. మీకు నచ్చకపోతే మీ ఇష్టం. నాకు అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

ఆవిడ పోయిన పదకొండో రోజు మళ్ళీ వెళ్ళాను. గల్లీలో భోజనాల వరుసలు సాగుతున్నాయి. అన్న గుండుతో, భుజం మీద తువ్వాలుతో పప్పు గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. చిన్నాయన నా పక్కన కూర్చుని, "గా బొమ్మను పిల్లలకు ఇచ్చేయమన్న. ఆడుకుంటరు" అన్నారు. నేను నోరు తెరిచేలోగా గేటు దగ్గర పార్సిల్ కుర్రాడు బండి ఆపి ఆవిడ పేరు గట్టిగా పిలిచాడు.

"మేడం ఉన్నరా? ఓటీపీ చెప్పాలె."

విస్తళ్ళ ముందు చేతులు ఆగిపోయాయి. చివరికి చిన్నాయనే, "ఆమె లేదు బాబూ, వాపస్ తీస్కపో" అన్నారు. ఆ అబ్బాయికి షామియానా అప్పుడు అర్థమైంది. పాపం ఫోన్లో కిందికీ పైకీ వెతుకుతూ, "సారీ సార్. వాపస్ అంటే ఏదో ఒకటి నొక్కాలె. ఇంట్ల లేరు అని పెట్టాల్నా, వద్దన్నరు అని పెట్టాల్నా?" అని అడిగాడు.

అన్న గరిటె బకెట్‌లో పడేశాడు.

"ఉన్నది" అన్నాడు. "ఆగు, ఓటీపీ చెప్త."

లోపలికి వెళ్ళాడు. ఆ గురువారం నుంచి ఆవిడ ఫోన్ చార్జింగ్ లేక చచ్చి పడి ఉంది. తీగ తగిలించి, అది వెలిగేదాకా గోడకు చేరబడి నిలబడ్డాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. బయట కుర్రాడు కదలకుండా ఆగాడు. తెర మీద అంకెలు రాగానే అన్న గడపలోకొచ్చి, గల్లీ మొత్తానికీ వినపడేలా నాలుగు అంకెలూ విడివిడిగా చదివాడు.

డబ్బా లోపల అగ్గిపెట్టెంత పొట్లం, అందులో మోటార్‌కు తగిలించే చిన్న గేరు. ఇప్పుడున్న దానికంటే రెండు పళ్ళు ఎక్కువ. పళ్ళు పెరిగితే ఏమవుతుందని అన్న అడిగాడు. వేగం పెరుగుతుందని చెప్పాను. ఆర్డర్ పెట్టింది ఎప్పుడో డబ్బా మీద ఉంది. ఆవిడ పోవడానికి ముందు రోజు.

"అంటే మా అమ్మకు ఇంకా స్పీడ్ కావాల్సి ఉండె" అన్నాడు. గేరును పిడికిట్లో పట్టుకున్నాడు. "పా పైకి."

డాబా మీద ఎండలో, ట్రక్కును ముందు పెట్టుకుని నేల మీదే కూర్చున్నాడు. నేను ఏ స్క్రూ ముందో చెప్పాను, అతను విప్పాడు. బిగించాడు. కింద నుంచి చిన్నాయన కేకలేస్తున్నారు. "దినం నాడు ఏందిరా గిది? జనం ఏమనుకుంటరు?" అన్న తల కూడా తిప్పలేదు. ట్రిగ్గర్ ఎక్కడో చూపించాను. నొక్కాడు.

నేనెప్పుడూ చూడనంత జోరుగా వెళ్ళింది. ట్యాంకులు దాటింది, నా పాత గది దాటింది. మలుపు తిప్పడం అతనికి రాదు. నేరుగా పిట్టగోడకు కొట్టుకుని గాల్లోకి లేచి వెల్లకిలా పడింది. ఆపమందామని చూస్తే గుండు మీంచి చెమట, కళ్ళలోంచి నీళ్ళు కలిసి కారుతున్నాయి. వేలు మాత్రం తియ్యలేదు. నాలుగు చక్రాలూ ఆకాశం వైపు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.